ఆమెన్ అనని గొంతు

మా పాస్టరమ్మగారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను స్కూల్లో పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. సెల్‌ఫోన్ మోగింది. పాస్టరుగారే చేశారు. "అమ్మగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. పొద్దున్న నిద్రలోనే" అని, ఇంకేం మాట్లాడలేక పెట్టేశారు. వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఏడుపు రావాలి కదా, రాలేదు. ముందు వచ్చింది భయం. ఒక మాటని ఇన్నాళ్ళూ ముగ్గురం మోశాం. అందులో గట్టి మనిషి వెళ్ళిపోయారు. మిగిలిన ఇద్దరిలో ఒకదాన్ని నేను. నా నోటి మీద నాకెప్పుడూ పెద్ద నమ్మకం లేదు.

ఆ మాట ఏమిటో ఇప్పుడు మీకు చెప్పొచ్చు. అది ఎవరిదో ఆ మనిషే చెప్పమన్నారు. కానీ ముందు మా పాస్టరమ్మగారు ఎలాంటివారో చెప్పాలి. లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

మాది ముక్తేశ్వరం రేవుకి దగ్గర్లో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. పాస్టరుగారు బదిలీ మీద మా చర్చికి వచ్చేనాటికి నేను పలకా బలపం పట్టుకు తిరుగుతున్నాను. పాస్టరమ్మగారు బక్కపలచగా, ఎప్పుడూ నేత చీరలో, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని ఉండేవారు. నలుగురిలో ఉన్నప్పుడు ఆచితూచి నాలుగు మాటలు మాట్లాడేవారు. ఊరంతా ఆవిణ్ణి నెమ్మదస్తురాలు అనుకునేది. నిజానికి అంత చురుకైన నోరు నేను మళ్ళీ చూడలేదు.

ఆ సంగతి వాళ్ళ వంటింట్లోకి వెళ్ళినవాళ్ళకే తెలుసు. క్రిస్మస్ పాటలు నేర్చుకోవడానికి వెళ్ళి, ఆ వంకతో చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చునేదాన్ని. ఆవిడ ఉన్నట్టుండి మా నాన్నగారైపోయేవారు. మా నాన్నగారు సంఘ పెద్ద. చర్చి కమిటీలో లేచి, పంచె సర్దుకుని, గొంతు సవరించుకుని, "అధ్యక్షా, నాదొక్క మాటండి" అని మొదలుపెట్టి ఎంతకీ కూర్చోని మనిషి. ఆవిడ గరిటె చేత్తో పట్టుకుని అచ్చం అలాగే గొంతు సవరించేవారు. నేను నవ్వలేక పొట్ట పట్టుకునేదాన్ని. నేనలా నవ్వడం చూడగానే ఆవిడ ఆగిపోయేవారు. పోపుల డబ్బాలోంచి ఒక లవంగం తీసి బుగ్గన పెట్టుకునేవారు.

"నా నాలుక మంచిది కాదమ్మా. ఏదో ఒక పని పెట్టకపోతే ఊరి మీద పడుతుంది" అనేవారు.

కూటానికి వెళ్ళే ముందు, ఎవరింటికైనా పరామర్శకి వెళ్ళే ముందు, ఆ లవంగం తప్పనిసరి. బుగ్గన అది ఉంటే గబగబా మాట్లాడలేరు. ఘాటు తగిలినప్పుడల్లా తను ఎక్కడ కూర్చున్నారో గుర్తొస్తుందట. ఆవిడ దగ్గరికి వెళితే లవంగం వాసన వచ్చేది. పంటి నొప్పి అనుకునేవారు చాలామంది. ఆవిడా కాదనేవారు కాదు.

మా స్త్రీల సమాజం గురించి తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. గురువారం మధ్యాహ్నం ఆడవాళ్ళంతా చర్చిలో చాపలు పరుచుకుని కూర్చుంటారు. పాట, వాక్యం అయ్యాక ప్రార్థన మనవులు అడుగుతారు. ఒక్కొక్కరే తమ కష్టం చెప్పుకుంటారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. చాలా మంచి పద్ధతి. మా అమ్మమ్మ కంటి ఆపరేషన్ ఆ ప్రార్థనల బలంతోనే గట్టెక్కిందని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అయితే మనుషులం కదా, తమ కష్టాలు అయిపోయాక పక్కింటి కష్టాలు మొదలయ్యేవి. ఫలానా వారి కోడలు పుట్టింటి నుంచి ఇంకా రాలేదు, ప్రార్థించండి. ఫలానా ఆయన మళ్ళీ తాగుతున్నాడు, ప్రార్థించండి. పరాయివాళ్ళ గుట్టు మామూలుగా చెబితే చాడీ అవుతుంది. కళ్ళు మూసుకుని చెబితే ప్రార్థన భారం అవుతుంది. తప్పు చేస్తున్నామని ఎవరికీ అనిపించేది కాదు. కన్నీళ్ళు కూడా నిజమైనవే.

అందులో అందరికంటే బాగా ప్రార్థించేది సమాజం సెక్రటరీగారు. ఊళ్ళో అందరికీ ఆవిడ సెక్రటరీ అత్తయ్యగారే. చెడ్డ మనిషి కాదు. ఎవరింట్లో జ్వరం వచ్చినా ముందు గంజి గిన్నెతో వెళ్ళేది ఆవిడే. కాకపోతే ఆవిడ ఆ ఇంట్లో చూసిందంతా గురువారానికి ప్రార్థనలో వచ్చేసేది.

పాస్టరమ్మగారి దగ్గరికి వచ్చి ఎవరైనా ఇంకొకరి సంగతి ఎత్తితే, ఆవిడ చాలా మర్యాదగా లేచి, "ఉండండి, ఆవిణ్ణి కూడా పిలిపిస్తాను. ముగ్గురం కలిసి ప్రార్థన చేసుకుందాం" అనేవారు. ఇక చూడాలి, వచ్చినవాళ్ళకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. ఎదుటివాళ్ళ సంగతి దేవుడికి చెప్పాలంటే గది తలుపు వేసుకుని చెప్పొచ్చు కదమ్మా, ఆయనకి మైకు అక్కర్లేదు అని నాతో అనేవారు. ఈ మాట మాత్రం సమాజంలో ఎప్పుడూ అనలేదు. అంటే అది సెక్రటరీ అత్తయ్యగారికే తగులుతుందని ఆవిడకి తెలుసు.

నేను ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నప్పటి మాట ఇది. అమలాపురం కాలేజీకి రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. అప్పుడు ఎక్కడ చూసినా గోడల మీద ఎయిడ్స్ గురించి ఎర్ర అక్షరాలు. ఆ పేరు పైకి అనడానికి కూడా జనం భయపడేవారు. 'ఆ జబ్బు' అనేవారు. పక్క ఊళ్ళో ఒకాయన దాంతో పోతే, పక్కబట్టలే కాదు, ఆయన పడుకున్న పాక కూడా తగలబెట్టారు. భార్యని బోరింగు దగ్గరికి రానివ్వలేదు. ఆవిడ పిల్లల్ని తీసుకుని ఎటు వెళ్ళిందో ఎవరికీ తెలియదు.

మా సంఘంలో ఒక అక్క ఉండేది. భర్త చిక్కి శల్యమై చనిపోయాడు. క్షయ అన్నారు. చిన్న పిల్లాడితో, బావగారి ఇంట్లోనే ఒక గదిలో ఉండేది. కొన్నాళ్ళకి తనకీ జ్వరాలు పట్టుకున్నాయి. ఆమె భయం జబ్బు గురించి మాత్రమే కాదు. బావగారికి తెలిస్తే పిల్లాడితో సహా వీధిలో పెడతాడు. పెట్టినా అడిగేవాళ్ళు లేరు. ఆ భయాన్ని ఆమె ఒక్క పాస్టరమ్మగారికి చెప్పుకుంది.

కాకినాడ పెద్దాసుపత్రిలో పరీక్ష చేస్తారని తెలుసు కానీ, ఎక్కడికి వెళ్ళి ఎవరిని అడగాలో ఇద్దరికీ తెలియదు. నలుగురిని వాకబు చేసే సంగతి కాదు. మా అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కి నేను ఆ ఆసుపత్రిలో వారం రోజులు తిరిగాను కాబట్టి, తోడు రమ్మని పాస్టరమ్మగారు నన్ను అడిగారు. ఎందుకో చెప్పలేదు. నేనూ ఆవిడ మీద ఉన్న గురితో అడగలేదు. కాలేజీకని బయల్దేరి రేవుకి వెళ్ళాను.

రేవులో ఆవిడ నాకూ అక్కకీ ఒకటే చెప్పారు. పంటు మీద ముగ్గురం కలిసి కూర్చోవద్దు, ఎవరికి వాళ్ళం అన్నట్టు ఉందాం. ముగ్గురు ఆడవాళ్ళు ఒక్కచోట కనబడితే ఎక్కడికి ప్రయాణం అని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. అడిగితే అబద్ధమైనా చెప్పాలి, నిజమైనా చెప్పాలి. రెండూ ఆవిడకి ఇష్టం లేదు. పంటు అంటే తెలుసుగా, పడవల మీద బల్లలు పరిచి మనుషుల్నీ సైకిళ్ళనీ మోటారుసైకిళ్ళనీ కలిపి దాటిస్తారు. అక్క ముఖం మీదికి కొంగు లాక్కుని ఒక మూల కూర్చుంది. పాస్టరమ్మగారు ఇంకో మూల. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నా పక్కన మోటారుసైకిలు మీద ఎవరో అబ్బాయి ఉన్నాడు. బస్సు ఎన్నింటికి ఉందని అడిగాడు, చెప్పాను. అంతే. ఇంత జాగ్రత్తపడి మేం చేసిన పొరపాటు అదే. ముగ్గురం ఒక్కచోట కూర్చుని ఉంటే, చూసినవాళ్ళకి పాస్టరమ్మగారితో ఊరి ప్రయాణంలా కనబడేది.

ఆసుపత్రిలో ఆ గది తలుపు మీద ఆ జబ్బు పేరు చదివాక గానీ ఎందుకొచ్చామో నాకు తెలియలేదు. అక్క లోపలికి వెళ్ళి వచ్చేదాకా పాస్టరమ్మగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తిరిగొచ్చేటప్పుడు, అవతలి రేవు కోటిపల్లికి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నారు. ప్రమాణం చేయమంటారేమో అనుకున్నాను. చేయించలేదు.

"నువ్వు చూసింది నీది కాదమ్మా. ఆవిడది. నీ దగ్గర ఉందంతే" అన్నారు.

రేవులో కొబ్బరికాయలు దింపిస్తున్న సెక్రటరీ అత్తయ్యగారి మరిది నన్నూ, నా పక్కన ఆ అబ్బాయినీ చూశాడు. కాలేజీకి వెళ్ళాల్సిన పిల్ల కోటిపల్లి వైపు ఎందుకు దాటుతోంది? గురువారం వచ్చేసరికి అది ప్రార్థన మనవి అయింది. ఆ కూటంలో మా అమ్మ కూడా ఉంది. సెక్రటరీ అత్తయ్యగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ లేచి నిలబడి, మన పెద్దగారి అమ్మాయి కోసం భారంతో ప్రార్థించాలండి, వివరాలు మాత్రం అడగొద్దు, సైతాను ఆ బిడ్డని రేవులో పట్టుకున్నాడు అన్నారట. వివరాలు అడగొద్దు అన్నాక అడగని ఆడది మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అయ్యాక అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. ఒక్క పాస్టరమ్మగారి గొంతు మాత్రం వినబడలేదని మా అమ్మ తర్వాత చెప్పింది. ఆ క్షణంలో అదొక్కటే తనకి గుర్తుండిపోయిందట.

అమ్మ పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. నన్ను గదిలోకి లాగి, ఎక్కడికెళ్ళావు, ఎవడు వాడు అని అడిగింది. నేను నోరు విప్పలేదు. పాస్టరమ్మగారి పేరు చెబితే ఎక్కడికి, ఎందుకు అంటారు. అక్కడి నుంచి అక్క దాకా ఎంతో దూరం లేదు. "చెప్పవే. మీ నాన్న వచ్చేలోపు నాకైనా చెప్పు. తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు" అంది అమ్మ. ఆ మాట బెదిరింపు కాదని నాకు తెలుసు. అంతకు కొన్నాళ్ళ ముందే అవతలి వీధిలో ఒక పిల్ల పేరు ఇలాగే నలుగురి నోళ్ళలో పడింది. ఆ పిల్ల కాలవలో తేలింది. తనే దూకిందో, ఇంకేమైనా జరిగిందో ఎవరూ మాట్లాడలేదు. అన్ని నోళ్ళూ తెరుచుకున్న ఊరు ఆ ఒక్క విషయంలో నోరు మూసుకుంది.

మా నాన్నగారికి టీ కొట్టు దగ్గరే తెలిసిపోయింది. ఆయనకి కోపం వస్తే అరవరు. అదే మా భయం. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తుండుతో తుడుచుకుని, లోపలికి వచ్చి వీధి తలుపు గడియ పెట్టారు. ఎండ ఇంకా ఉంది. పట్టపగలు మా ఇంటి తలుపు మూయడం నేను అంతకుముందు చూడలేదు. అమ్మని దొడ్లోకి వెళ్ళమన్నారు. అమ్మ కదల్లేదు. "ఎక్కడికెళ్ళావు?" అని ఒకేసారి అడిగారు. అక్క పేరు నాలుక చివరే ఉంది. ఒక్క మాట అంటే నేను బయటపడిపోతాను. ఆ మాట అనకుండా ఆపింది నా మంచితనం అని చెప్పుకోను. భయంతో గొంతు పెగల్లేదు, అంతే.

అప్పుడు తలుపు తట్టారు. "పెద్దగారూ, ఒక్కసారి తలుపు తీయండి" అని పాస్టరమ్మగారి గొంతు. కూటం నుంచి తిన్నగా మా ఇంటికే బయల్దేరారట. దారిలో ఆడవాళ్ళు ఆపి వివరాలు అడుగుతుంటే వదిలించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. మళ్ళీ తట్టారు. నాన్నగారు సంఘ పెద్ద అయ్యుండి పాస్టరమ్మగారిని వీధిలో నిలబెట్టలేక తీశారు.

ఆవిడ గడప దాటి లోపలికి రాలేదు. అరుగు మీదే నిలబడ్డారు. వీధిలో అప్పటికే జనం తొంగి చూస్తున్నారు.

"ఆ రోజు మీ అమ్మాయి నాతో ఉందండి. పొద్దున్న రేవులో ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా నా కళ్ళముందే ఉంది. తీసుకెళ్ళింది నేను. మీకు చెప్పకుండా తీసుకెళ్ళడం నా తప్పు. ఎక్కడికో, ఎందుకో మాత్రం చెప్పనండి."

"చెప్పకపోతే ఎలా నమ్మమంటారండి?" అన్నారు నాన్నగారు.

"ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయింది. నా నోట మీరు ఒక్క అబద్ధం విని ఉంటే నమ్మకండి. ఒకరి మీద ఒక చాడీ విని ఉన్నా నమ్మకండి. వినకపోతే ఈ ఒక్క మాట నమ్మండి."

మా నాన్నగారు మాటల మనిషి. మాట విలువ కట్టడం ఆయనకి వచ్చు. తలుపు పట్టుకుని అలాగే నిలబడి, చివరికి, "అమ్మా, పాస్టరమ్మగారికి కుర్చీ వెయ్యి" అన్నారు నాతో. నన్ను అమ్మా అన్నారు. నేను కుర్చీ తీసుకురాబోతే అది గోడకి తగిలి పడిపోయింది. ఆ ఒక్క పూట నేను బతికి బయటపడ్డానంటే, ఆవిడ అన్నేళ్ళూ బుగ్గన పెట్టుకున్న లవంగాల వల్ల. ఊరికే ఎవరినీ ఏమీ అనని మనిషి కాబట్టే ఆవిడ మాట మా నాన్న నమ్మారు.

నా మీద పడాల్సింది అప్పుడు ఆవిడ మీద పడింది. పెళ్ళికావాల్సిన పిల్లని రహస్యంగా రేవు దాటించిందని, దేనికి తీసుకెళ్ళిందో అని, రాయడానికి చేతులు రాని మాటలు అన్నారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ ఆవిణ్ణి ముందుకు పిలిచింది. సంఘానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత ఉందా లేదా అని ఒక పెద్దాయన అడిగారు. నేను ఆడవాళ్ళ వైపు ఉన్నాను. స్తంభం పక్కన అక్క, ఒళ్ళో పిల్లాడు. ఆమె వేళ్ళు పిల్లాడి చొక్కాని పట్టుకుని తెల్లగా పాలిపోయాయి. పాస్టరమ్మగారు చెప్పేస్తారేమో, లేక ఆ అక్క తట్టుకోలేక లేచి చెప్పేస్తుందేమో, లేక నేనే అరిచేస్తానేమో. ఏది జరిగినా ఆ పిల్లాడు సాయంత్రానికి వీధిలో ఉంటాడు. అంత భయం నాకు మా నాన్న ముందు కూడా వేయలేదు.

"పెద్దగారికి చెప్పకపోవడం నా తప్పండి, సంఘం ముందు కూడా క్షమించమని అడుగుతున్నాను. మిగతాది నాది కాదు, చెప్పడానికి" అన్నారావిడ. మళ్ళీ మళ్ళీ అడిగారు. ఆవిడ తల వంచుకుని నిలబడ్డారు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న పాస్టరుగారికీ ఏమీ తెలియదు. ఇంటికెళ్ళాక ఒక్కసారి అడిగారట. మీరు అడిగితే నాకు కష్టంగా ఉంటుంది అన్నారట ఈవిడ. ఆ మహానుభావుడు మళ్ళీ అడగలేదు. కమిటీలో మా నాన్నగారు అంత మాటకారి అయ్యుండి ఆ రోజు ఆవిడ మీద ఒక్క మాట అనలేదు, ఆవిడ తరఫునా అనలేదు. దానికి చాన్నాళ్ళు బాధపడ్డారు.

వాళ్ళని సముద్రం దగ్గరి చిన్న సంఘానికి బదిలీ చేశారు. సరుగుడు తోటల మధ్య తాటాకు చర్చి. సామాను ట్రాక్టరు మీదికి ఎక్కిస్తుంటే సెక్రటరీ అత్తయ్యగారు వచ్చి కన్నీళ్ళతో వీడ్కోలు ప్రార్థన చేశారు. పాస్టరమ్మగారు ఆవిడ చేతులు పట్టుకుని, "మీ ప్రార్థనలు ఆపకండి అత్తయ్యగారూ. పేర్లు మాత్రం ఆయనకి వదిలేయండి" అన్నారు. ఆవిడ నోట నేను విన్న గట్టి మందలింపు అదొక్కటే. అది కూడా చెవి దగ్గర చెప్పారు.

అక్కడి నుంచి కూడా ఆవిడ అక్కని వదల్లేదు. కోటిపల్లి బస్టాండులో కలుసుకుని కాకినాడ తీసుకెళ్ళేవారు. కొన్నేళ్ళకి ప్రభుత్వం మందులు ఇవ్వడం మొదలుపెట్టాక ఆమె కోలుకుంది. పిల్లాడు చదువుకున్నాడు. నేను డిగ్రీ అయ్యి, టీచరునయ్యాను. స్టాఫ్‌రూములో ఎవరైనా, "ఎవరికీ చెప్పకు" అని కుర్చీ దగ్గరికి లాక్కుంటే ఇప్పటికీ నేను లేచి బయటికి వెళ్ళిపోతాను. మాటలంటే నాకున్నది గౌరవం అని జనం అనుకుంటారు. కాదు, భయమే. ఒక మాట మా ఇంటి తలుపు గడియ పెట్టించింది. నేను దాన్ని దగ్గర నుంచి చూశాను.

పోయిన ఏడాది పాస్టరమ్మగారికి మూత్రపిండాలు పాడై, అమలాపురంలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. చేరే ముందు నాకు ఫోన్ చేశారు. "జ్వరంలో నేనేం వాగుతానో నాకు తెలీదమ్మా. నోటికి కాపలా లేనప్పుడు నువ్వుండు" అన్నారు. సెలవు పెట్టి వెళ్ళి తలుపు దగ్గర కూర్చున్నాను. వచ్చినవాళ్ళని డాక్టరుగారు వద్దన్నారని చెప్పి పంపేదాన్ని. మధ్యాహ్నం జ్వరం పెరిగింది. ఆవిడ కళ్ళు మూసుకునే గొంతు సవరించుకుని, "అధ్యక్షా, నాదొక్క మాటండి" అన్నారు. ఆ తర్వాత కమిటీ మొత్తం ఒకరి తర్వాత ఒకరు ఆ మంచం మీదికి వచ్చేశారు. అన్నేళ్ళూ అణచుకున్న గొంతులన్నీ బయటికొచ్చాయి. ఆయా తలుపు పట్టుకుని నవ్వుతోంది. నేను నవ్వుతూ ఏడుస్తున్నాను.

ఆ సందడిలో తలుపు సంగతి మరిచిపోయాను. తిరిగి చూస్తే బత్తాయిల సంచితో సెక్రటరీ అత్తయ్యగారు నిలబడి ఉన్నారు. సరిగ్గా అప్పుడే పాస్టరమ్మగారి గొంతు మారింది. "పంటు వచ్చేసింది... దూరంగా కూర్చో అమ్మా. ఎవరైనా చూస్తే ఎలా... కొంగు లాక్కో" అన్నారు. తర్వాతి మాట పేరే. ఆవిడ పెదవులు కదిలాయి. నేను చెయ్యి అడ్డుపెట్టబోయాను. "లవంగం ఏదీ" అన్నారు ఆవిడ. ఉన్నట్టే బుగ్గ ఒక పక్కకి తిప్పి, నోరు మూసుకుని, ఆ రోజంతా మళ్ళీ తెరవలేదు. సెక్రటరీ అత్తయ్యగారు ఆ మంచం వైపు చాలాసేపు చూశారు. నన్ను ఏమీ అడగలేదు. బత్తాయిలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ గండం గడిచి ఇంటికి వెళ్ళారు కానీ, ఎక్కువ కాలం ఉండలేదు. సమాధి కార్యక్రమం సముద్రం ఒడ్డున ఆ ఊళ్ళోనే జరిగింది. తర్వాత మా సంఘంవాళ్ళు మా చర్చిలో కూడా ఆవిడ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టాలన్నారు. ఆ మాట ఎత్తింది మా నాన్నగారే.

ఆవిడ గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు ముందుకు రావచ్చు అన్నారు. ఒకరిద్దరు మాట్లాడారు. ఆ తర్వాత ఆడవాళ్ళ వైపు నుంచి అక్క లేచింది. మగవాళ్ళ వైపు ఆమె బావగారు కూర్చుని ఉన్నారు. కూర్చో అని సైగ చేయబోయాను. ఆమె నా వైపు చూడలేదు.

"నా పేరు మీ అందరికీ తెలుసండి. నా జబ్బు పేరు మీకు తెలీదు" అని మొదలుపెట్టి, ఆ పేరు చెప్పింది. ఎవరూ పైకి అనని ఆ పేరు మా చర్చిలో వినబడింది. "మా ఆయన పోయింది దాంతోనే. నేను మందులు వాడుతున్నాను. ఆ రోజు పంటు మీద ముగ్గురం ఉన్నామండి. అమ్మగారు నా కోసం వెళ్ళారు, ఈ అమ్మాయి నా కోసం వచ్చింది. వాళ్ళు మాటలు పడుతుంటే నేను ఆ స్తంభం పక్కనే కూర్చుని విన్నాను. ఆవిడ పోయారు. ఇక ఆ మాట ఆవిడ పేరు మీద ఉండకూడదు. మా అబ్బాయిని అడిగాను. చెప్పెయ్యమ్మా అన్నాడు." ఆపి, నా వైపు చూసి, "నువ్వు కూడా ఇక ఎక్కడైనా చెప్పమ్మా, రాసుకో" అంది. కూర్చుంది.

మా నాన్నగారు కండువాతో ముఖం కప్పుకున్నారు. బావగారు లేచి గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆడవాళ్ళ వైపు అక్కకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు చీర సర్దుకుంటున్నట్టు కాస్త జరిగారు. వాళ్ళ పక్కవాళ్ళూ జరిగారు. చూస్తుండగానే ఆ చాప మీద ఆమె చుట్టూ ఖాళీ ఏర్పడింది. ఆమె ఆ ఖాళీ మధ్య తల దించుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ మేం భయపడింది దీనికే.

కూడిక నడిపిస్తున్నాయనకి ఏం చేయాలో తోచక, ముగింపు ప్రార్థన చేయమని సెక్రటరీ అత్తయ్యగారిని పిలిచారు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచారు. అందరూ తలలు వంచారు. నేను కళ్ళు మూసుకోలేకపోయాను. ఆ నోటి నుంచి ఇప్పుడేం వస్తుందో అని చూస్తూ ఉన్నాను. ఆవిడ ముందుకు వెళ్ళలేదు. చాపల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి, ఆ ఖాళీలోకి వెళ్ళి, అక్కని ఆనుకుని కూర్చున్నారు. ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు. జనం తలలు వంచుకుని ప్రార్థన కోసం ఎదురుచూస్తున్నారు. ఆవిడ నోరు తెరవలేదు.